మొగలిపువ్వు సాక్ష్యం



కిందటి సంచికలో ఈ శీర్షిక చదివిన బళ్ళారి సోదరి ఒకరు ఉత్తరం రాశారు. "అన్నయ్యగారూ, మా అబ్బాయి బిర్యానీలోకని కేవడా నీళ్ల సీసా ఒకటి తెచ్చాడు. అది మీ బరంపురం వైపు పూలతోనే చేస్తారని కొట్టువాడు చెప్పాడట. కేవడా అంటే మన మొగలిపువ్వేనా? దాన్ని తినేవాటిలో పోయవచ్చా?" అని అడిగారు.

మొదటి ప్రశ్నకు జవాబు అవునని. రెండోదానికి జవాబు సీసాను బట్టి ఉంటుంది. ఈ "సీసాను బట్టి" అన్నది ఎందుకో చెప్పాలంటే పొద దగ్గర మొదలుపెట్టి బట్టీ దాకా రావాలి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

కేవడా మన మొగలిపువ్వే. సంస్కృతంలో కేతకి. కోస్తాలో మా పెద్దవాళ్లు గేదంగి అని కూడా అనేవారు. తమిళనాడులో ఉన్న మనవాళ్లకు ఇది తాళంపూ, కర్ణాటకలో వారికి కేదిగె, మహారాష్ట్రలో వారికి కేవడా, ఒడిశాలో మాకు కియా. యానాం వారికి మాత్రం పేరు మార్చుకునే పని పడలేదు. అక్కడ మొగలి మొగలే.

శివపూజకు ఈ పువ్వు పనికిరాదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. జ్యోతిస్తంభం కొస చూసి వస్తానని పైకి బయలుదేరిన బ్రహ్మ, చూడకుండానే చూశానని చెప్పి, మొగలిపువ్వు చేత దొంగసాక్ష్యం చెప్పించాడనీ, అందుకు శివుడు దాన్ని పూజ నుంచి వెలివేశాడనీ కథ. దేవుడు వెలివేసినా ఆడవాళ్లు వెలివేయలేదు. జడలో మొగలిరేకులు కుట్టించుకున్నారు, పట్టుచీరల పెట్టెలో మడతల మధ్య దాచుకున్నారు. రేకు ఎండి గోధుమరంగుకు తిరిగినా పెట్టె తెరిచిన ప్రతిసారీ వాసన పలకరిస్తుంది.

మేముండే గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలో భాగం. మా తాతల నాటికే ఇక్కడ తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి. గంజాం, ఛత్రపురం, రంగైలుండా, చికిటి బ్లాకులలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుక నేలల్లో, మొగలి పొలాల గట్ల మీద కంచెలా పెరుగుతుంది. ఎవరూ దాన్ని పంటగా చూసి నీళ్లు పెట్టరు, ఎరువు వేయరు. అది మాత్రం గాలికి అడ్డం నిలబడి ఇసుకను ఆపుతుంది, ముళ్లతో పశువులను పొలంలోకి రానివ్వదు.

మొగలిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. ఆడ చెట్టుకు అనాసపండును పోలిన కాయ కాస్తుంది. మనం ఇష్టపడే వాసన మగ చెట్టు పూతది. లేత పసుపు, తెలుపు కలిసిన రేకుల పొత్తిలో ఆ పూత దాగి ఉంటుంది. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, ప్రధానమైన అదను. పువ్వు తెల్లవారుజామున కోయాలి, ఆ రోజే బట్టీ ఎక్కించాలి. మర్నాటికి ఉంచితే పువ్వు ఉంటుంది కాని దానికి ధర తెచ్చే వాసన ఉండదు.

బట్టీ అనగానే సారాబట్టీ గుర్తొచ్చి ముఖం చిట్లించకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పటి నుంచి మన ఇళ్లలో ఆ మాటకు మంచిపేరు లేదు. నిజానికి పని తీరు రెండింటిదీ ఒకటే. కింద మంట, పాత్రలో సరుకు, దాని నుంచి ఆవిరి, ఆవిరికి చల్లదనం, ఆపైన చుక్కలు. అందులో ఏం వేస్తున్నాం, వచ్చినదాన్ని ఎవరికి అమ్ముతున్నాం అన్నదాంట్లోనే తేడా అంతా ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

నేను బ్యాంకులో పనిచేసిన కాలంలో సీజను అప్పుల కోసం చిన్న చిన్న బట్టీల వాళ్లు వచ్చేవారు. అప్పు ఇచ్చేముందు బట్టీ చూసి రావడం నా పని. అలా చూసి చూసి ఆ పని మీద మమకారం పెరిగింది. ఉద్యోగం అయిపోయాక కూడా వానాకాలంలో ఒకసారి ఛత్రపురం వైపు వెళ్లకుండా ఉండలేను.

పద్ధతి ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్ అత్తరు పనివాళ్లది. మంట మీద పెట్టే పెద్ద రాగిపాత్రను దేగ్ అంటారు. మన డేగిసాకు పెద్దన్న అనుకోండి. అందులో సుమారు 1000 పూలు, వాటికి తగిన నీళ్లు వేసి మూత పెడతారు. మూత చుట్టూ మట్టి, దూది కలిపి మెత్తి, ఆవిరి బయటకు పోకుండా బిగిస్తారు. మూత నుంచి ఒక వెదురుగొట్టం బయలుదేరుతుంది. వేడి నిలవడానికి దానికి పురికొస చుట్టి ఉంటుంది. గొట్టం రెండో కొస పొడుగుమెడ రాగికుండలో దిగుతుంది. దాని పేరు భప్కా. భప్కా ఒక నీళ్లతొట్టిలో మునిగి ఉంటుంది. ఆవిరి గొట్టం వెంట వచ్చి భప్కాలో చల్లబడి నీరవుతుంది.

భప్కాలో ముందుగా ఏం పోసి ఉంచారన్నదాన్ని బట్టి సరుకు మారుతుంది. గంధం నూనె పోసి ఉంచితే మొగలి వాసనను అది పట్టుకుంటుంది. మర్నాడు చల్లారాక అడుగున చేరిన నీటిని వేరుచేసి, అదే నూనెను మళ్లీ కొత్తపూల ఆవిరికి పెడతారు. నూనెకు ఇక తాగే శక్తి లేదనేదాకా రోజుల తరబడి ఇలా జరుగుతుంది. అది అత్తరు. నూనె ఏదీ పోయకుండా పువ్వు నుంచి వచ్చిన తైలాన్నే తీస్తే అది రూహ్. ఒక్క కిలో రూహ్ రావాలంటే పూలు వేలల్లో కావాలి. వాసన పట్టిన నీటిని సీసాకెత్తితే అది కేవడా నీళ్లు, బిర్యానీలోకీ రసమలాయిలోకీ వెళ్లేది.

పాత బట్టీలో ఉష్ణమాపకం కనిపించదు. మంట చూసే మేస్త్రీ భప్కా మెడ మీద అరచెయ్యి పెట్టి వేడి తెలుసుకుంటాడు. వేడెక్కితే భప్కా మారుస్తాడు, దేగ్ ఉడుకు పెరిగితే తడిగుడ్డ వేస్తాడు, లేదా కట్టె వెనక్కు లాగుతాడు. మంట ఎక్కువైతే పువ్వు మాడిన కంపు వస్తుంది, తక్కువైతే తైలం దిగదు. ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. ఒకరి పక్కన నాలుగైదు వానాకాలాలు కూర్చోవాలి. గంజాం కుర్రాళ్లు సూరత్ మరమగ్గాలకు రైలెక్కడం మొదలై దశాబ్దాలయింది. ఏడాదిలో మూడు నెలలే పని ఉన్న బట్టీ పక్కన కూర్చోమని వాళ్లను ఎవరు ఆపగలరు?

ఇక లెక్కల సంగతి. బట్టీ యజమానికి ఖర్చంతా ముందే. రాగిపాత్రలు, వాటికి కళాయి, కట్టెలు, మేస్త్రీ కూలి. వీటన్నిటికంటే పూల డబ్బు ముఖ్యం. పువ్వు కోసినవాడికి ఏరోజుకారోజు నగదు ఇవ్వాలి. ధర పువ్వు ఒక్కింటికి ఇంత అని ఉంటుంది, పూలు తక్కువ పడిన రోజున పొద్దున ఒక ధర, ఇంకాసేపటికి ఒక ధర. ఆ నగదు లేనివాడు పెద్ద వర్తకుడి దగ్గర బయానా తీసుకుంటాడు. బయానా తీసుకున్నాక సరుకు ధర చెప్పే హక్కు వర్తకుడిది. ఆ నష్టాన్ని యజమాని పూల ధరలో తగ్గించుకుంటాడు. చివరికి దెబ్బ ముళ్లపొదలో చెయ్యి పెట్టినవాడికి తగులుతుంది. మొగలి ఆకు అంచుల ముళ్లు చూసినవారికి ఆ కూలి ఎంత కష్టమో వేరే చెప్పక్కరలేదు.

ఇలా ఇరుకున పడ్డ యజమాని ముందుకు మూడు సులువులు వచ్చి నిలబడతాయి.

మొదటిది గంధం నూనె. మైసూరులో ప్రభుత్వ చందనతైల కర్మాగారం 1916లో మొదలైనప్పుడు గంధానికి కొరత లేదు. తరువాత అడవిలో చెట్లు తరిగాయి. సొంత నేలలో మొలిచినా గంధపుచెట్టు సర్కారుదే అన్న నియమం వల్ల రైతులు నాటలేదు. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో ఆ చట్టాలు సవరించాయి కాని, చెట్టు చేవ పట్టడానికి ఏళ్లు పడుతుంది. గంధం నూనె కిలో లక్ష రూపాయలు దాటి చాలాకాలమైంది. అందుకని భప్కాలో గంధం బదులు ద్రవ పారఫిన్ పోసేవారు వచ్చారు. ప్లాస్టిక్ మెత్తబడటానికి వాడే డీవోపీ అనే రసాయనం పోసేవారూ వచ్చారు.

రెండో సులువు పువ్వునే మానేయడం. మొగలి వాసనలో ఎక్కువ భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే పదార్థానిది. అది కర్మాగారంలో తయారవుతుంది, పువ్వుతో పోలిస్తే ధర ఏ మూలకూ రాదు. నాలుగు చుక్కలు నీళ్లలో కలిపితే కొట్టువాడికి కేవడాయే. అసలు పూతలో దానితోపాటు చిన్న చిన్న పాళ్లలో ఇంకా ఎన్నో ఉంటాయి. అందుకే అసలు వాసన మెత్తగా వచ్చి నిలుస్తుంది, నకిలీది ముక్కును పొడిచి పోతుంది.

మూడోది కొనేవాడికి సంబంధించినది. మొగలి అత్తరుకు చాలాకాలంగా పెద్ద గిరాకీ జర్దా, పాన్ మసాలా, గుట్కా తయారీ వారిది. దేవుడి గదిలోకో పెళ్లి పందిట్లోకో పోతుందనుకున్న సువాసన చాలావరకు నోటి కాన్సరు తెచ్చే పొట్లంలోకి పోయింది. ఆహార భద్రతా నిబంధనలు 2011లో తినే పదార్థాలలో పొగాకు ఉండరాదన్నాయి. 2012 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ గుట్కాను నిషేధించింది. ఒడిశాలో 2013 జనవరి 1 నుంచి నిషేధం, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ నెలలోనే. అదే ఏడాది అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గట్ల మీది మొగలి ఎక్కడికక్కడ కూలింది. ఏడాది మొదట్లో గిరాకీ తగ్గి, చివర్లో పొద పోయింది. కొమ్మ నాటితే మొగలి బతుకుతుంది కాని పూతకు రావడానికి కొన్నేళ్లు ఆగాలి. ఆ కొన్నేళ్లలో ఎన్నో బట్టీలు చల్లారాయి. 2020 కరోనా లాక్‌డౌన్ మరో దెబ్బ.

గుట్కా నిషేధం వల్ల మా జిల్లా వృత్తి పాడయిందని కొందరు నా ముందే బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది కాని ఆ మాట ఒప్పుకోలేను. తాతల నాటి విద్య అన్నంత మాత్రాన అది ఏ పొట్లంలోకి పోయినా ఫరవాలేదనడం తాతలకు మర్యాద కాదు. నిషేధం సరైనదే. నిషేధించిన వారు ఈ పూలు కోసేవారికి వేరే గిరాకీ చూపించవలసింది. పైగా గుట్కా పోయిందా అంటే అదీ లేదు. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం వేరువేరుగా వేలాడుతున్నాయి. మన పువ్వు వాసన ఆ మొదటి పొట్లంలో ఇప్పటికీ ఉంది.

అయితే మర్యాదగా బట్టీ నడపడం సాధ్యమేనా? ఛత్రపురం దగ్గర నాకు తెలిసిన ఒక యజమాని నడుపుతున్నాడు. మన తెలుగువాడే. పేరు రాయవద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. అతనికి నాలుగు కట్టుబాట్లున్నాయి. పూలు తెచ్చినవారి లెక్క వాళ్ల ఎదుటే నోటుపుస్తకంలో రాసి సాయంత్రంలోగా డబ్బిస్తాడు. గంధం కొనగలిగినంతే అత్తరు తీస్తాడు, మిగిలిన పూలను రూహ్‌కూ కేవడా నీళ్లకూ వాడతాడు. తినేవాటికి పోయే పాత్రలు, అత్తరు పాత్రలు కలవనివ్వడు. వాన పడగానే తన గట్టు మీదా, ఒప్పుకున్న పొరుగువారి గట్ల మీదా మొగలికొమ్మలు నాటిస్తాడు.

"భప్కాలో గంధం బదులు పారఫిన్ పోస్తే ఎవరికి తెలుస్తుందయ్యా?" అని ఒకసారి అడిగాను.

"మొదటిరోజు ఎవరికీ తెలీదు బాబూ. ఏడాది పోయాక మూత తీసినవాడికి తెలుస్తుంది. గంధంలో పెట్టిన మొగలి పాతబడేకొద్దీ బాగుపడుతుంది. పారఫిన్‌లోది పారిపోతుంది" అన్నాడు.

"మరి మసాలావాళ్లకు అమ్మడం మానేశావా?"

"సగం మానేశాను. మిఠాయి దుకాణాలవాళ్లు ఇంకొంచెం కొంటే మిగతా సగం కూడా మానేస్తాను. మా మేస్త్రీకి కూలి ఇవ్వాలి గదా, ఒక్కరోజులో మానలేను."

ఆ "సగం" అన్న మాట నాకు నచ్చింది. పూర్తిగా మానేశానని చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి, ఇక్కడ రాసేవాణ్ణి కూడా. చెప్పలేదు. మొగలిపువ్వు ఒకప్పుడు ఏం సాక్ష్యం చెప్పినా, దాన్ని కాచే మనిషి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

గంజాం కేవడా పువ్వుకూ, గంజాం కేవడా రూహ్‌కూ భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. బందరు కలంకారీకీ, పోచంపల్లి ఇకత్‌కూ ఉన్నటువంటిదే. కనౌజ్‌లో 1991లో నెలకొల్పిన సుగంధ, సురస అభివృద్ధి కేంద్రానికి బరంపురంలో శాఖ ఉంది. ఇవన్నీ మంచివే. కాని గుర్తింపు కాగితం గోడకు వేలాడితే పొద బతకదు. పొలం గట్టు అమ్మి ఇళ్ల స్థలాలు చేయడం కంటే మొగలి ఉంచుకోవడం లాభమని రైతుకు తోచాలి. సూరత్ వెళ్లడం కంటే మంట దగ్గర కూర్చోవడం నయమని కుర్రవాడికి తోచాలి. ఆ రెండూ సీసా కొనేవారి చేతిలో ఉన్నాయి. సీసా కొనేది మనమే.

కాబట్టి సోదరీమణులకు నాలుగు ముక్కలు. వంటకు కేవడా నీళ్లే కొనండి. ఒంటికి రాసుకునే అత్తరును ఎంత మంచిదన్నా వంటలో వేయకండి, దాని అడుగున పారఫిన్ ఉందో డీవోపీ ఉందో మనకు తెలియదు. సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. కృత్రిమ సువాసన అనో ప్రకృతిని పోలిన సువాసన అనో ఉంటే అది పువ్వు నుంచి దిగినది కాదు. పువ్వు నుంచి బట్టీలో తీసిన నీళ్లని స్పష్టంగా రాసి, ఎక్కడిదో ఊరు చెప్పినది దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా తీసుకోండి. వాడకం మాత్రం పొదుపుగా. పెద్ద గిన్నెడు పాయసానికి ఒక చెంచా చాలు, అదీ పొయ్యి దించాక, లేకపోతే బట్టీవాడు కష్టపడి పట్టిన ఆవిరి మళ్లీ గాలిపాలు.

మీ ఊళ్లో మొగలిని ఏమంటారో, ఇంట్లో దేనికి వాడేవారో, ఇప్పుడు పొదలు ఉన్నాయో లేదో ఒక కార్డు ముక్క రాయండి. ముఖ్యంగా పెద్దవాళ్లను అడిగి రాయండి. జడకు మొగలిరేకులు కుట్టే వరస తెలిసిన అమ్మమ్మలు మన సంఘంలో ఇంకా ఉన్నారని నా నమ్మకం. ఆ వరస తెలియజేస్తే వచ్చే సంచికలో బొమ్మతో సహా వేయమని సంపాదకులను నేనే అడుగుతాను.

సెలవు.